అల్యూమినా పొడికి ఐఆర్: కేబీఆర్ బిళ్లా, డ్రిఫ్ట్సా?

ఐఆర్ అంటే పరారుణ కాంతిని పదార్థం ఎక్కడెక్కడ పీల్చుకుంటుందో చూసే పరీక్ష; పీల్చుకున్న చోట్లే పట్టీలు. అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పొడిని దీనికి రెండు రకాలుగా పెట్టొచ్చు: కేబీఆర్ (పొటాషియం బ్రోమైడ్)తో కలిపి నొక్కిన బిళ్ల గుండా కాంతి పంపడం, లేదా డ్రిఫ్ట్స్, అంటే పొడి మీద పడి చెదిరిన కాంతిని అద్దాలతో పట్టి కొలవడం.

ఖర్చు: బిళ్లకు డై, ప్రెస్ చాలు. డ్రిఫ్ట్స్‌కు అద్దాల అమరిక కావాలి. వేడిచేసే సెల్ కూడా అంటే జేబు గుల్లే.

శ్రమ: బిళ్లకు 1 మి.గ్రా. పొడిని 200 మి.గ్రా. కేబీఆర్‌తో నూరి నొక్కాలి. డ్రిఫ్ట్స్‌లో కప్పు నింపి, పైన చదును చేస్తే సరి.

చిక్కులు: కేబీఆర్ గాలిలో తేమ పీలుస్తుంది. 3400, 1630 సెం.మీ⁻¹ దగ్గర నీటి పట్టీలు లేస్తాయి. అవి నమూనావో బిళ్లవో తేల్చలేం. అగేట్ (సిలికా రాయి) కల్వంలో గట్టిగా నూరితే సిలికా రాలి 1100 ప్రాంతంలో కనిపిస్తుంది, బోహ్మైట్ (హైడ్రాక్సిళ్లున్న అల్యూమినియం ఆక్సైడ్) 1070 పట్టీ పక్కనే! డ్రిఫ్ట్స్‌లో రేణువు సైజు, కప్పులో పొడి కూరిన తీరు మారితే పట్టీల ఎత్తులు మారతాయి; కేబీఆర్‌తో పలుచన చేయకపోతే 1000 కింద పట్టీలు నమ్మలేం.

అల్యూమినా కాక అల్యూమినియం పొడే అయితే, లోహానికి పట్టీలుండవు. రెండు పద్ధతుల్లోనూ కనిపించేది పైనున్న ఆక్సైడే.

కొలిమిలో కాల్చి తీసిన పొడి గామానా, ఆల్ఫానా (అల్యూమినా స్ఫటిక రూపాలు) అంటే బిళ్ల చాలు: ఆల్ఫాకు 450, 600, 640 దగ్గర పదునైన పట్టీలు, గామాకు వెడల్పాటి దిబ్బ. వేడెక్కుతుండగా 3700 పరిసరాల్లో ఉపరితల హైడ్రాక్సిళ్లు (OH గుంపులు) తగ్గడం చూడాలంటే డ్రిఫ్ట్సే.