ఆరేళ్ళుగా కట్టుకుంటున్న రెగ్జిన్ పొట్ట

ప్రసవం తర్వాత రక్తస్రావం అయితే ఏం చేయాలో ఏఎన్ఎంలకు, స్టాఫ్ నర్సులకు నేర్పడం నా పని. అందుకోసం 2019లో టైలర్ చేత నడుముకి కట్టుకునే ఒక నకిలీ పొట్ట కుట్టించుకున్నాను. ఆలోచన నాది కాదు. నార్వేకి చెందిన లేర్డాల్ గ్లోబల్ హెల్త్ వాళ్ళ మామా నటాలీ అనే శిక్షణ బొమ్మని కూడా ఇలాగే నేర్పేవాళ్ళు ముందుకు కట్టుకుని తల్లిగా నటిస్తారు. దాన్ని కొనిపించడానికి ఫైలు కదపడం కంటే టైలర్ దగ్గరికి వెళ్ళడమే తేలికైంది.

రెగ్జిన్, జిప్పు, స్పాంజి, కుట్టుకూలి అన్నీ కలిపి అప్పట్లో 1,100 రూపాయలు. గర్భసంచి మాత్రం పాడైన బీపీ మిషన్ పట్టీలోని రబ్బరు సంచి. దాని బల్బు నా చేతిలో ఉంటుంది. సిస్టర్ సరైన చోట మసాజ్ చేస్తే బల్బు నొక్కుతాను, సంచి బంతిలా గట్టిపడుతుంది. నిజం గర్భసంచి అయినా అలా గట్టిపడితేనే రక్తం తగ్గుతుంది. ఆపేస్తే గాలి వదిలేస్తాను. స్లైడ్లు ఎన్ని చూపించినా వేళ్ళకు అందని సంగతి ఇదే.

రక్తం అంటే 500 మి.లీ. సెలైన్ సీసాలో ఎర్రరంగు నీళ్ళు. 500 దాటితే ప్రమాదమని అందరూ గడగడా అప్పజెబుతారు. సీసా మొత్తం పాత చీర గుడ్డల మీదకి వదిలి, ఎంత పోయిందంటే మాత్రం "రెండొందలు ఉంటుందేమో మేడమ్" అంటారు. ఖాళీ సీసా చూపించినా నమ్మరు. అప్పుడు తడిగుడ్డల్ని పసిపిల్లల కాటా మీద పెట్టి, పొడిగుడ్డల బరువు తీసేసి చూపిస్తాను. గ్రాముకి సుమారు ఒక మి.లీ. లెక్క. ఈ రక్తస్రావం మీదే 2023లో వచ్చిన ఈ-మోటివ్ అధ్యయనంలో నాలుగు ఆఫ్రికా దేశాల్లో కొలత గీతలున్న డ్రేప్, అంటే తల్లి కింద పరిచి రక్తం పట్టే ప్లాస్టిక్ షీటు, వాడారు. అది చదివాక నేనూ కింద గీతలు గీసిన ప్లాస్టిక్ సంచి కడుతున్నాను.

లోపాలకేం తక్కువ లేదు. మొదట్లో నీళ్ళలో కుంకుమ కలిపితే డ్రిప్ సెట్‌లో పేరుకుని ధారే ఆగిపోయింది. ఇప్పుడు ఫుడ్ కలర్ వాడుతున్నాను, చీరలకి మరకలు తప్పడం లేదు. రబ్బరు సంచులు మూడు మార్చాను. ఎండాకాలం రెండో గంటకి నడుం పట్టేస్తుంది. కుట్లు వేయడం నేర్పడానికి పనికిరాదు. వీటన్నిటికంటే పెద్ద చిక్కు, బల్బు నా చేతిలో ఉండటం. టెన్షన్‌తో చేతులు వణికే కొత్తపిల్లని చూస్తే జాలేసి తొందరగా నొక్కేసేదాన్ని. ఇప్పుడు పక్కన ఒకరు వాచీ చూసి నిమిషం అయిందని చెప్పేదాకా నొక్కను.

"కళ్ళు తిరుగుతున్నాయి సిస్టరమ్మా" అని నేను మూలిగినా సగంమంది నా ముఖంలోకి చూడరు, పొట్టనే పిసుకుతూ ఉంటారు. మంచం మీద పెట్టే బొమ్మతో అయితే ఈ సంగతి బయటపడదు.

బిడ్డ తర్వాత బయటికొచ్చే మాయ కూడా స్పాంజిదే. ఒక ముక్క వెల్‌క్రోతో ఊడొస్తుంది. అప్పుడప్పుడు దాన్ని పీకి కొంగులో దాచేస్తాను. మాయని తిప్పి చూసినవాళ్ళు "ఇక్కడ ముక్క లేదు మేడమ్" అని పట్టేస్తారు. చూడకుండా ట్రేలో పడేస్తే ఆ ముక్క లోపలే ఉండిపోయినట్టు లెక్క, ఎంత మసాజ్ చేసినా ధార తగ్గించను, రెండో సీసా తగిలిస్తాను.