తిరుపతి, చిత్తూరు పెద్దలకు జాగ్రత్త: క్రూయిజ్‌కు డబ్బు కట్టేముందు ఇది చదవండి

తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ ఏజెంటు దగ్గర ఓడ ప్రయాణం మాట్లాడుకుంటున్న పెద్దవాళ్ళు ఉంటే, ఓడ కంపెనీ ఇచ్చిన బుకింగ్ కాగితం చేతికి వచ్చేదాకా పూర్తి డబ్బు కట్టకండి. ఏజెంటు తన ఆఫీసు పేరుతో ప్రింటు తీసి ఇచ్చే రంగుల కాగితం లెక్కలోకి రాదు. కంపెనీ బుకింగ్ నంబరు, పాస్‌పోర్టులో ఉన్నట్టే మీ పేర్లు, ఏ రకం గది, ఎంత కట్టారు అన్నీ ఉండాలి. మాకు ఆ కాగితం బయల్దేరే ముందు రోజు రాత్రి వాట్సాప్‌లో వచ్చింది. పొద్దున్నే చెన్నైకి కారు ఎక్కాలి, ఇంక ఎవరిని అడుగుతాం?

ఏజెంటు పేరు రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది. పేరు తెలిసినా తెలియకపోయినా ఈ పద్ధతిని గుర్తుపట్టడం ముఖ్యం, ఎందుకంటే ఒక్కడే చేసే పని కాదిది.

మా వారికి డెబ్బై దాటాయి. మోకాళ్ళ నొప్పులు, నాలుగడుగులు వేస్తే కూర్చోవాలి. నాకు షుగర్. కాశీ, రామేశ్వరం అన్నీ అయిపోయాయి, ఒక్కసారి సముద్రం మీద పోయి రావాలని ఆయన కోరిక. సింగపూర్‌లో ఎక్కి, మలేషియాలోని పెనాంగ్, థాయిలాండ్‌లోని ఫుకెట్ చూసి, మళ్ళీ సింగపూర్‌లో దిగే ప్రయాణం. పెద్ద ప్రయాణాల్లో ఇదే ఆఖరిది అనుకున్నాం. ఆ మాట చెవిన పడగానే ఏజెంటు అబ్బాయి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "మళ్ళీ పోతారా ఏందమ్మా, ఆఖరుసారి అంటా ఉండారు, బాల్కనీ గదే తీసుకోండి. మీరు మా అమ్మానాయన లాంటోళ్ళు" అన్నాడు. అక్కడి నుంచి ప్రతిదానికీ అదే పాట. బాల్కనీకి ఎక్కువ, వీల్‌చైర్ ఏర్పాటుకు ఎక్కువ, ఫుకెట్ టూరుకు ఎక్కువ. ఆఖరిసారి కదా అంటే ఎవరు బేరమాడతారు? ముసలివాళ్ళ దగ్గర ఈ ఒక్క మాట మీదే వ్యాపారం జరుగుతోందని నాకు అనిపిస్తుంది.

ఓడలో గదులు ముఖ్యంగా మూడు రకాలు. లోపలి గది, దానికి కిటికీయే ఉండదు. సముద్రం వైపు కిటికీ ఉన్న గది. బాల్కనీ గది. ఇవి కాక నంబరు చెప్పకుండా అమ్మే చవక టికెట్ ఒకటి ఉంటుంది, చివర్లో ఏది మిగిలితే అది కంపెనీయే కేటాయిస్తుంది. మా దగ్గర బాల్కనీ డబ్బు తీసుకుని ఏజెంటు కొన్నది ఈ చవక రకంలో లోపలి గది. ఓడ ముందు కొసన, లిఫ్టుకు చాలా దూరం. మోకాళ్ళ మనిషికి ఆ వరండా నడవడమే పెద్ద పరీక్ష. దీపం ఆర్పితే పగలో రాత్రో తెలియదు. మా వారు అర్ధరాత్రి లేచి, తెల్లారిందనుకుని స్నానం కూడా చేసేశారు. ఓడ రిసెప్షన్‌లో అమ్మాయి పాపం కంప్యూటర్ మా వైపు తిప్పి చూపించింది, మీ పేరు మీద కొన్నది ఇదే అని. మార్చడానికి గది లేదు, ఓడ నిండిపోయింది.

ఇక్కడ ఒక సంగతి. పెద్దవాళ్ళకు బాల్కనీ కంటే గది ఎక్కడుందన్నది ముఖ్యం. ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తుల్లో ఊపు తక్కువ. ముందు కొసన, పై అంతస్తుల్లో ఎక్కువ. లిఫ్టు దగ్గర, మధ్యలో కిటికీ గది దొరికితే బాల్కనీ డబ్బు మిగుల్చుకోవచ్చు. ఓడ ప్లాను కంపెనీ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది, మనవళ్ళ చేత తీయించి గది నంబరు చూసుకోండి.

వీల్‌చైర్ విషయం ఇంకా దారుణం. "ఎక్కినాక అడిగితే ఇస్తారు లేమ్మా" అన్నాడు. ఓడ వాళ్ళ వీల్‌చైర్లు మామూలుగా ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, అత్యవసరానికి మాత్రమే. రోజంతా కావాలంటే మనది మనం తీసుకెళ్ళాలి, లేదా ముందే అద్దెకు మాట్లాడుకోవాలి. వెడల్పు తలుపులు, పట్టుకోవడానికి కమ్మీలు ఉన్న బాత్‌రూమ్‌తో కొన్ని గదులు వేరే ఉంటాయి, అవి తొందరగా అయిపోతాయి. ఇవన్నీ బుకింగ్ సమయంలోనే కంపెనీకి రాసివ్వాలి. మా పేరు మీద ఒక్క ముక్క కూడా రాసి లేదు. కానీ మా బిల్లులో మాత్రం వీల్‌చైర్ ఏర్పాటు అని ఒక వరుస ఉంది.

ఫుకెట్‌లో మా ఓడ రేవుకు ఆనలేదు. పటాంగ్ బీచ్ ఎదురుగా సముద్రంలోనే లంగరేసి, చిన్న పడవల్లో ఒడ్డుకు చేర్చారు. ఊగే పడవలోకి అడుగేసి దిగాలి. మా వారిని చూసి సిబ్బంది వద్దన్నారు, వాళ్ళది న్యాయమే. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఎక్కువుంటే ఎవరినీ దింపకుండా ఓడ వెనక్కి తిరగడం కూడా ఉంటుందట. ఈ సంగతి తెలిసిన ఏజెంటు మోకాళ్ళ మనిషికి ఫుకెట్ టూరు ఎలా అమ్ముతాడు? ఆ డబ్బు తిరిగి రాలేదు. ఏ రేవులో ఓడ ఆనుతుంది, ఏ రేవులో పడవ ఎక్కాలి అని ముందే అడగండి.

మిగతావి గబగబా చెప్తాను. అన్నీ కలిపే అన్నాడు గానీ, ఓడలో సర్వీసు చార్జి మనిషికి ఇంత అని రోజూ ఖాతాలో పడింది, దిగేముందు కార్డు మీద కట్టాం. సింగపూర్ అరైవల్ కార్డుకు మనిషికింత అని వసూలు చేశాడు. అది అక్కడి ప్రభుత్వ సైట్‌లో పూర్తిగా ఉచితం, చేరడానికి ముందు మూడు రోజుల లోపల నింపాలి. విమానం కూడా ఓడ బయల్దేరే రోజే దిగేట్టు కొన్నాడు. విమానం ఆలస్యమైతే ఓడ మనకోసం ఆగదు. ఆ టెన్షన్ ఎందుకు, ముందు రోజే చేరిపోయేట్టు అడగండి.

ఇన్సూరెన్స్ దగ్గర మాత్రం ఆగాలి. పాలసీ కాగితం ఇంటికొచ్చాక మా అబ్బాయి చదివాడు. ముందునుంచి ఉన్న జబ్బులు అన్నచోట లేవు అని ఏజెంటే నింపేశాడు. నా షుగర్ సంగతి వాడికి తెలుసు, ఇన్సులిన్ పెట్టుకోవడానికి ఫ్రిజ్ ఉంటుందా అని వాడినే అడిగాను. అలాంటి పాలసీ మీద క్లెయిమ్ పెడితే జబ్బు దాచారని కొట్టేయవచ్చు. ఓడలో డాక్టరు ఉంటారు, కానీ ఉచితం కాదు, బిల్లు మన ఖాతాలో వేస్తారు, ఇన్సూరెన్స్ నుంచి తర్వాత మనమే రాబట్టుకోవాలి. నడిసముద్రం నుంచి ఒడ్డు ఆసుపత్రికి చేర్చాల్సి వస్తే ఆ ఖర్చు మామూలు మనుషులు తట్టుకునేది కాదు. ఆ ఖర్చు పాలసీలో ఉందా, మీ వయసుకు వర్తిస్తుందా, జబ్బులు నిజంగా రాశారా, ఈ మూడూ సంతకానికి ముందే మీ కళ్ళతో చూడండి.

ఇంకొకటి చాలామందికి తెలియదు. విదేశీ టూర్ ప్యాకేజీ మీద టీసీఎస్ అని పన్ను వసూలు చేస్తారు. అది మన పాన్ మీద ప్రభుత్వానికి కట్టాలి, 26ఏఎస్‌లో, అంటే ఆదాయపన్ను శాఖ సైట్‌లో మన పేరు మీద జమైన పన్నుల పట్టికలో కనిపించాలి. రిటర్న్ వేసేటప్పుడు మనం కట్టాల్సిన పన్నులో సర్దుకోవచ్చు, పన్నే లేకపోతే వెనక్కి వస్తుంది. పెన్షన్ మీద బతికేవాళ్ళకు అది చిన్న మొత్తం కాదు. మా దగ్గర తీసుకున్నది ఇప్పటికీ 26ఏఎస్‌లో లేదు. టీసీఎస్ తీసుకున్నట్టు ఏజెంటు ఇవ్వాల్సిన 27డి సర్టిఫికెట్ అడిగితే ఆడిటర్ ఊళ్ళో లేడంటున్నాడు.

ఓడను మాత్రం తప్పుపట్టను. పెనాంగ్‌లో ఓడ జార్జ్‌టౌన్ ఊరి అంచునే ఆనుతుంది, పడవల బాధ లేదు. అక్కడ క్వీన్ స్ట్రీట్‌లో 1833 నాటి మారియమ్మ గుడి ఉంది, చుట్టూ లిటిల్ ఇండియా, పూలమాలలు, ఇడ్లీ, తమిళం మాటలు. టాక్సీలో పోయి గుడి చూసి, కాఫీ తాగి, మెల్లగా వచ్చాం. అంతకు మించి ఏమీ పెట్టుకోలేదు, అదే హాయిగా జరిగింది. ఫుకెట్‌లో అందరూ దిగిపోయాక ఓడ ఖాళీ. లిఫ్టు కోసం క్యూ లేదు, పై డెక్ మీద నీడలో ఏ కుర్చీ కావాలంటే ఆ కుర్చీ. రాత్రిళ్ళు మలక్కా జలసంధిలో వరసగా పోయే సరుకు ఓడల దీపాలు చూస్తూ మా వారు నిద్ర కూడా మానుకున్నారు. ఆఖరి ప్రయాణమని అన్ని రేవులూ దిగి, అన్ని టూర్లూ కొని అలిసిపోవడం కంటే ఇలా సగం వదిలేయడమే మేలని నా లెక్క.

పోయేవాళ్ళు మందులు చేతి సంచిలోనే పెట్టుకోండి, ఎక్కే రోజు పెద్ద పెట్టెలు గదికి చేరడానికి చాలాసేపు పడుతుంది. వాంతులకు మాత్రలు మీ డాక్టరును అడిగే వేసుకోండి, కొన్ని మత్తు తెచ్చి పెద్దవాళ్ళను పడేస్తాయి. ఫోన్ విమానం మోడ్‌లో ఉంచండి, లేకపోతే నడిసముద్రంలో ఓడ నెట్‌వర్క్ పట్టుకుని బిల్లు వాచిపోతుంది. థాయిలాండ్ గడియారం సింగపూర్ కంటే గంట వెనక, కాబట్టి ఒడ్డున ఫోన్ చూపే టైమును నమ్మకుండా ఓడ టైము చేతి గడియారంలో పెట్టుకోండి.

ఇప్పటికే మోసపోయినవాళ్ళు ముందు 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. మేం అక్కడ ఫిర్యాదు పెట్టాక గది తేడా డబ్బులో కొంత వెనక్కి వచ్చింది. మిగతాదానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతున్నాం. 2019 చట్టం ప్రకారం మనం ఉండే చోటే కేసు వేయవచ్చు, ఏజెంటు హెడ్డాఫీసు ఏ ఊళ్ళో ఉన్నా ఫరవాలేదు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్ళు. రసీదులు, వాట్సాప్ మాటలు, బ్యాంకు స్టేట్‌మెంట్ ఏవీ పారేయకండి. నగదు మాత్రం ఇవ్వకండి.

అదే మనిషి ఇప్పుడు చిత్తూరులో పెన్షనర్లను కూడగడుతున్నాడని విన్నాను, ఇరవై మందిని తెచ్చిన లీడరుకు టికెట్ ఫ్రీ అట. ఆ లీడరు మీ పక్కింటాయనే అయినా మొహమాటపడకుండా బుకింగ్ నంబరు అడిగి తీసుకోండి, ఓడ కంపెనీ వెబ్‌సైట్‌లో మీరే కొట్టి చూసుకోండి.