గండికోటలో తాళం వేసిన గేటు, ఆ మర్నాటి వాన

గండికోటకి సూర్యోదయం ఫొటో కోసం వెళ్ళేవాళ్ళు రూమ్ బుక్ చేసేముందు ఏసీ గురించీ వేడినీళ్ళ గురించీ తర్వాత అడగండి, ముందు "పొద్దున 5 గంటలకి గేటు ఎవరు తీస్తారు, తాళం రాత్రిపూట ఎవరి దగ్గరుంటుంది" అని అడగండి. ఫోన్లో అడిగి ఊరుకోకుండా వాట్సాప్‌లో రాయించుకోండి. నేను అడిగాను, రాయించుకోలేదు. ఈ ట్రిప్ మొత్తంలో అన్నిటికంటే మంచి ఆకాశాన్ని ఒక ఇనుప గేటు ఊచల్లోంచి చూడాల్సి వచ్చింది. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

నవంబర్ చివరి వారంలో నేను, మా ఆవిడ, పదేళ్ళ పాప, మా బావమరిది కారులో బయల్దేరాం. హైదరాబాద్ నుంచి కర్నూలు, నంద్యాల మీదుగా జమ్మలమడుగు, అక్కణ్ణుంచి కోటకి ఇంకో 15 కిలోమీటర్లు. తెల్లవారుజామున బయల్దేరితే భోజనం వేళ దాటాక చేరాం. దారి బాగుంది, చెప్పుకోవాల్సినంత ఏమీ జరగలేదు.

కోటకి దగ్గర్లోని ఒక లాడ్జిలో రెండు రూములు తీసుకున్నాం, ఒక్కోటి రాత్రికి 3,200. ఊరికి అంత దూరంలో ఆ రేటు ఎక్కువే, కానీ ఫోన్లో మాట్లాడినాయన రెండు మాటలు గట్టిగా చెప్పాడు. ఒకటి, బాల్కనీలోంచే పెన్న లోయ కనిపిస్తుంది. రెండు, ఫొటోగ్రాఫర్లు చాలామంది వస్తారు కాబట్టి పొద్దున నాలుగున్నరకే గేటు తీసేస్తాం. వెళ్ళి చూస్తే బాల్కనీ ఎదురుగా జనరేటర్ షెడ్డు, దాని పక్కన నల్ల నీళ్ళ ట్యాంకు. లోయ అటువైపే లేదు. మా ఆవిడ తలుపు తీసి ఒకసారి చూసి ఏమీ అనకుండా సూట్‌కేసు మంచం మీద పెట్టేసింది. ఆవిడ మాట్లాడకపోతే విషయం బాగా ముదిరినట్టు. పోనీలే, వ్యూ కోసం కోటకే పోతాం కదా అని నేనే సర్దిచెప్పాను.

మర్నాడు నాలుగు ముప్పావుకి నేనూ బావమరిదీ ట్రైపాడ్ పట్టుకుని కిందికి వచ్చేసరికి గేటుకి తాళం. వాచ్‌మన్‌ని లేపితే "తాళం మేనేజర్ సార్ దగ్గరుంది, ఆయన రాత్రి ఊళ్ళోకి పోయినాడు, ఏడింటికి వస్తాడు" అన్నాడు. మేనేజర్‌కి పదకొండు సార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఆ రోజుల్లో అక్కడ సూర్యుడు 6:20 ప్రాంతంలో వస్తాడు. కానీ ఫొటోకి కావాల్సింది సూర్యుడు కాదు, అతను రాకముందు గడిచే ఆ అరగంట, ముప్పావుగంట. మొదట ఆకాశమంతా ముదురు నీలం, రాళ్ళకింకా రంగు ఉండదు. ఆ తర్వాత పైనున్న పల్చటి మబ్బులకి కింది నుంచి ఎరుపు తగులుతుంది. పొద్దున సూర్యకిరణాలు గాలిలో చాలా దూరం అడ్డంగా ప్రయాణించాలి, ఆ దారిలో నీలం చెదిరిపోయి ఎరుపు, నారింజ మిగులుతాయి. అందుకే ఆ రంగు, అందుకే అది పది నిమిషాల్లో పోతుంది. ఆ రోజు పై ఎత్తులో దువ్వినట్టున్న మబ్బులు పరుచుకుని ఉన్నాయి, ఫొటోలు తీసేవాళ్ళు ఏళ్ళ తరబడి ఎదురుచూసే ఆకాశం అది. 6:05కి మొదలై 6:15కల్లా మొత్తం ఎర్రబడింది. బావమరిది నా మొహం చూసి "బావా, గోడ దూకుదామా" అన్నాడు. పైన గాజుపెంకులు గుచ్చి ఉన్నాయి. 7:10కి మేనేజర్ బండి మీద వచ్చాడు.

గొడవ గురించి ఎక్కువ రాయను. నాలుగున్నరకి తీస్తామని తను చెప్పలేదనీ, చెప్పినా అది టూరిస్టు సీజన్‌కే అనీ, భద్రత కోసం తాళం వేస్తామనీ మూడు రకాలుగా చెప్పాడు. నిప్పంటుకుంటేనో, ఎవరికైనా గుండెనొప్పి వస్తేనో లోపలున్నవాళ్ళు ఎలా బయటపడతారని మా ఆవిడ అడిగితే జవాబు లేదు. చివరికి రెండో రాత్రి బుకింగ్ రద్దు చేసి, మొదటి రాత్రి బిల్లులో 800 తగ్గించాడు. 5,600 కట్టి పదింటికల్లా బయటపడ్డాం. ఆ లాడ్జి పేరు ఇక్కడ రాయట్లేదు, కానీ రాత్రి గేటుకి బయటి మనిషి తాళం వేసుకుపోయే చోట పిల్లలతో దిగొద్దు.

ఆ రోజు పదకొండు నుంచి మూడు దాకా కోటలో గట్టి ఎండ. ఎర్రరాయి తెల్లబోయి కనిపిస్తుంది, లోయ చూడ్డానికి బాగానే ఉన్నా ఫొటోలో బల్లపరుపుగా పడుతుంది. ఆ సమయంలో తీసినవి నేను ఉంచుకోను. కానీ అది వృథా సమయం కాదు, నా లెక్కలో ట్రిప్‌లో అసలు పని అప్పుడే జరుగుతుంది. ఫోన్లో దిక్సూచి పెట్టుకుని ఏ కట్టడం ఎటు తిరిగుందో చూసుకుంటూ తిరగాలి. జామియా మసీదులో నమాజు పడమర వైపు తిరిగి చేస్తారు కాబట్టి ప్రార్థన మందిరం ముఖం తూర్పుకి ఉంటుంది. మాధవరాయ స్వామి గుడి గోపురమూ తూర్పు ముఖమే. అంటే చెక్కడాలూ తోరణాలూ కనిపించాలంటే పొద్దున రావాలి. సాయంత్రం తూర్పు నుంచి చూస్తే సూర్యుడు కట్టడం వెనక్కి పోతాడు, అప్పుడు వివరాలు వదులుకుని ఆకారం ఒక్కటే తీసుకోవాలి. ఒకే మసీదు పొద్దున ఒకలా, సాయంత్రం ఇంకోలా కనిపించడానికి ఇంతే కారణం. ఈ మాట నాకు మొదటి అయిదేళ్ళలో ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం మసీదు దగ్గర కత్తుల కోనేరు గట్టున కూర్చున్నాం. కత్తులు ఇందులో కడిగేవారని అక్కడివాళ్ళు చెప్తారు. గాలి ఆగితే రెండు మినార్లూ నీళ్ళలో పడతాయి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే వైట్ బ్యాలెన్స్‌ని, అంటే వెలుగుని బట్టి రంగులు సరిచేసే సెట్టింగ్‌ని, ఆటోలో వదిలేయడం. కెమెరా ఆ బంగారు రంగుని తప్పనుకుని సరిచేసేస్తుంది, ఇంటికొచ్చి చూస్తే సాయంత్రం మధ్యాహ్నంలా ఉంటుంది. డేలైట్‌లో పెట్టి వదిలేయండి. ఇంకోటి, సూర్యుడు పోగానే సంచి సర్దేయకండి. మేమున్నప్పుడు కోనేటి చుట్టూ ఇరవైమంది దాకా ఉన్నారు, సూర్యుడు పోయిన అయిదు నిమిషాలకి మేమే మిగిలాం. నా మంచి ఫొటో ఆ తర్వాత ఇరవై నిమిషాలకి వచ్చింది, నీలం ఆకాశం, నల్లటి మినార్లు, నీళ్ళ మీద చివరి కాస్త గులాబీ. ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) 100, షట్టర్ తెరిచి ఉంచింది 8 సెకన్లు. ట్రైపాడ్ లేకుండా గట్టు రాయి మీద జాకెట్ మడిచి కెమెరా ఆనించి తీశాను. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల్లో ట్రైపాడ్‌కి అనుమతి కావాలి, చేత్తో తీసే ఫొటోలకి ఇబ్బంది లేదు.

ఆ రాత్రి బస కోట లోపలి ఊళ్ళో ఒకావిడ ఇంట్లో. టీకొట్టు దగ్గర అడిగితే చూపించారు. ముందుగది, రెండు మంచాలు, రెండు చాపలు, బాత్‌రూమ్ పెరట్లో. నలుగురికీ కలిపి 1,200, భోజనం మనిషికి 180. రాగి సంగటి, నాటుకోడి పులుసు, ఆవిడ రోట్లో నూరిన చెనిక్కాయల చట్నీ. సంగటి అంటే మొహం పక్కకి తిప్పుకునే మా పాప రెండు ముద్దలు తిన్నది. పొద్దుటి నుంచి ముక్తసరిగా ఉన్న మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళి ఆ చట్నీలో ఏమేం వేశారో రాసుకుని వచ్చింది, అప్పటికి నాకు టెన్షన్ తగ్గింది. పొద్దున అయిదింటికి వెళ్ళాలంటే ఆవిడ "తలుపుకి గొళ్ళెం ఒక్కటే అన్నా, మీకు ఎప్పుడు కావాలంటే అప్పుడు పోండి" అన్నది.

తీరా పొద్దున లేస్తే ముసురు. బంగాళాఖాతంలో అల్పపీడనమని రాత్రే ఫోన్లో వచ్చింది. బావమరిది దుప్పటి తియ్యలేదు. లేచాక వాళ్ళక్కని తీసుకుని బెలుం గుహలు చూసొస్తానని కారు తీశాడు, వానలో గుహల్లోకి వెళ్ళడమే తెలివైన పని అని అతని వాదన. నేనూ పాపా గొడుగు, కెమెరా మీద కప్పడానికి ఒక పాలిథిన్ కవరు పట్టుకుని లోయవైపు నడిచాం. "ఈ వానలో ఏమొస్తాయి సామీ ఫొటోలు" అని ఇంటావిడ జాలిగా అన్నది.

రంగనాథస్వామి గుడి దాటి రాళ్ళ మీదుగా అంచు దగ్గరికి వెళ్తే అక్కడ ఒక్క మనిషి లేడు. చాలాచోట్ల కమ్మీలు లేవు, రాళ్ళు తడిసి జారుతున్నాయి, అందుకని పాపని వెనక ఒక బండ దగ్గర కూర్చోబెట్టి నేనూ అంచుకి పది అడుగులు ఇవతలే ఆగాను. కింద 300 అడుగుల లోతులో పెన్న. వాన తెర లోయలోకి దిగుతోంది. దగ్గరి బండలు తడిసి ముదురు ఎరుపు, అవతలి గట్టు లేత బూడిదరంగు, దాని వెనక మలుపు ఇంకా లేత, ఆ వెనకది దాదాపు లేదు. నిన్నటి ఎండలో లోయ ఎంత లోతో, ఎంత దూరమో ఫొటోలో తెలియనేలేదు, ఈ మబ్బులో ఒక్కో పొరా విడిపోయి కనిపించింది. కెమెరాని దాని ఇష్టానికి వదిలితే మంచుని మసిగా చేస్తుంది, ఎదురుగా తెల్లగా ఉన్నదాన్నంతా బూడిదరంగుకి దించడం దాని అలవాటు. అందుకని ఎక్స్‌పోజర్, అంటే కెమెరా తీసుకునే వెలుగు, ఒక మెట్టు దాకా పెంచాను. తడిరాయి మీది తళుకు తగ్గించడానికి లెన్స్ ముందున్న పోలరైజర్ ఫిల్టర్ తిప్పితే ఎరుపు ఇంకా చిక్కబడింది. ఇంటికొచ్చాక కంప్యూటర్‌లో పొగమంచు తీసేసే మీట ఒకటి ఉంటుంది, దయచేసి దాని జోలికి పోవద్దు. మనం అంతదూరం వెళ్ళింది ఆ మంచు కోసమే.

అక్కడ గంటన్నర ఉన్నాం, తీసినవి ఇరవై రెండే. 1856లో గ్రీన్‌లా అనే సైనికాధికారి హంపీలో మైనపు కాగితం నెగటివ్‌ల మీద ఫొటోలు తీశాడు. ఆ పద్ధతిలో ఒక్కో ఎక్స్‌పోజర్‌కి నిమిషాలు పట్టేది. వాన తెర జరిగేదాకా ఒక్క ఫొటో కోసం నిలబడ్డప్పుడల్లా నాకు ఆ పాత ఫొటోలు గుర్తొస్తాయి.

తొమ్మిదింటికి మాధవరాయ గుడి. నాలుగంతస్తుల గోపురం, పైన ఇటుక, తడిసి రంగు తేరుకుంది. మబ్బు వెలుగులో నీడలు ఉండవు కాబట్టి మండపం స్తంభాల మీద బొమ్మలు అన్నీ సమానంగా కనిపిస్తాయి. ఇబ్బందల్లా ఆకాశంతోనే, పైన తెల్ల కాగితం అంటించినట్టు ఉంటుంది. దాన్ని ఫ్రేములోంచి తీసేయాలి, లేదా మండపం చీకట్లో నిలబడి స్తంభాల మధ్యలోంచి గోపురాన్ని చూడాలి. కెమెరా పైకెత్తితే గోపురం వెనక్కి వాలినట్టు పడుతుంది, అందుకే దూరం జరిగి కెమెరాని నిటారుగా పట్టి, కింద తడినేలకి చోటిచ్చాను. ఆ నేల మీద గోపురం ప్రతిబింబం మసకగా పడింది. మసీదు వసారా తోరణాల్లో చిట్టచివర పాపని గొడుగుతో నిలబెట్టి ఒకటి తీశాను. చూపిస్తే "నాన్నా, నా మొహమే కనపడట్లేదు" అని అలిగింది. ఆ తోరణం ఎంత ఎత్తో చెప్పేది ఆ చిన్న గొడుగే. దగ్గర్నుంచి మొహంతో ఇంకోటి తీశాక గానీ కదల్లేదు.

మధ్యాహ్నం వాళ్ళిద్దరూ బెలుం నుంచి వచ్చారు. మా ఆవిడకి గుహలు బాగా నచ్చాయి, లోపలి ఉక్కకి మాత్రం అలసిపోయింది. బావమరిది ఫోన్లో ఫొటోలన్నీ ఒకే రంగులో ఉన్నాయి. అక్కడ వెలుగు మనది కాదు, దీపాలు పెట్టినవాళ్ళది, ఎన్నిసార్లు వెళ్ళినా అదే మూడ్ వస్తుంది. చూడ్డానికి వెళ్ళండి, ఫొటోల కోసమైతే నేను ఆ పూట కోటకే ఇస్తాను.

ఖర్చు మొత్తం: డీజిల్ 6,100, లాడ్జి 5,600, ఇంట్లో బస, రాత్రి భోజనం కలిపి 1,920, మిగతా తిండి, టిక్కెట్లు, చిల్లర 2,700. మూడు రోజులకి 16,320. అందులో లాడ్జి డబ్బుకి నాకు దక్కింది జనరేటర్ షెడ్డు.

ధాన్యాగారం ఒక్కటే మిగిలిపోయింది. లోపల ఎత్తయిన కమాను కప్పు, గబ్బిలాల వాసన, గుమ్మంలోంచి వచ్చే వెలుగు తప్ప ఇంకేమీ ఉండదు. ఎండ ఉన్న పొద్దుట ఆ వెలుగు నేల మీద ఎక్కడిదాకా పాకుతుందో చూడాలి, వానరోజు అది గుమ్మం దగ్గరే ఆగిపోయింది. జనవరిలో సంక్రాంతి అయ్యాక మళ్ళీ వెళ్తున్నాను. ఇంటావిడకి ఫోన్ చేసి గది చెప్పేశాను, మా ఆవిడ కూడా వస్తానంది, చట్నీ కోసం.