పెట్టె రాట్నం, ఆరేళ్ల తర్వాత: ఎక్కడైనా ఆపొచ్చు, మూత వేయడం దగ్గరే జాగ్రత్త

వడకడం, నేయడం, సూదులతో అల్లడం మూడూ ఒకే ఇంట్లో సాగుతుంటే, పని చేయడం కన్నా పని ఆపడం కష్టం. కుక్కర్ విజిల్ వేస్తుంది, తలుపు చప్పుడవుతుంది, పడుకున్న పిల్లలు లేస్తారు. ఆ క్షణానికి చేతిలో ఉన్నది ఏ స్థితిలో ఉంది, మళ్లీ వచ్చేసరికి ఎంత చెడి ఉంటుంది అన్నదాన్ని బట్టే ఆ పని ఇంట్లో బతుకుతుందో లేదో తేలుతుంది. పెట్టె రాట్నాన్ని, అంటే పెట్టెలో మడిచి మూత వేసుకునే చేతి రాట్నాన్ని, ఆరేళ్లుగా దాదాపు రోజూ వాడుతున్నాను. దీని గురించి గట్టిగా చెప్పగలిగిన మంచి మాట ఒకటుంది: దీన్ని ఎక్కడ ఆపినా పోయేది మహా అయితే రెండు మూడు సెంటీమీటర్ల ఏకు, అంటే వడకడానికి చుట్టి పెట్టుకున్న దూది.

అదెలాగో లెక్క చూడండి. నా పెట్టెలో పెద్ద చక్రం 18 సెంటీమీటర్లు, దాని తాడు పడే చిన్న చక్రం 2 సెంటీమీటర్లు. అక్కడ తొమ్మిది రెట్లు. ఆ చిన్న చక్రం అతుక్కుని ఉన్న రెండో చక్రం 13 సెంటీమీటర్లు, కదురు (పోగుకు పురి ఎక్కించి, దాన్ని చుట్టుకునే సన్నటి ఇనుప పుల్ల) మీది బిళ్ల 1.2 సెంటీమీటర్లు. అక్కడ పదకొండు రెట్లకు కాస్త తక్కువ. గుణిస్తే పిడి ఒక్క చుట్టుకు కదురు 97 చుట్లు తిరగాలి. తాడు కాస్త జారుతుంది కాబట్టి చేతికి అందేది అంతకన్నా తక్కువే. 20 నంబరు నూలును (ఈ నంబరు నూలు సన్నదనానికి గుర్తు) పడుగుగా, అంటే మగ్గం మీద పొడవునా బిగించే దారంగా వాడాలంటే సెంటీమీటరుకు 7 పురులు (మెలికలు) కావాలి. ఎడమ చేయి సాగినంత దూరం, అంటే 60 సెంటీమీటర్లకు 420 పురులు. పిడి నాలుగున్నర చుట్లు తిప్పితే సరిపోతుంది: లాగుతున్నంతసేపు రెండున్నర, చేయి నిలిపి పట్టుకుని మరో రెండు. అడ్డంగా నేసే పేకకైతే మూడున్నర, నాలుగు చాలు. తర్వాత పిడిని పావు చుట్టు వెనక్కి తిప్పి కొసన ఉన్న దారాన్ని విప్పి, ముందుకు తిప్పుతూ కండె (కదురు మీద పేరుకునే నూలు) మీదికి చుట్టేయాలి. మొత్తం ఎనిమిది, పది సెకన్లు. ప్రతి లాగుడూ దానికదే పూర్తయిన పని. పిలుపు వచ్చినప్పుడు చేతిలో ఉన్న లాగుడు ముగించి లేవచ్చు, అంత ఆగే పిలుపు కాకపోతే వదిలేసి లేవచ్చు.

వదిలేసి లేస్తే ఏమవుతుంది? పోగులో ఉన్న పురి ఏకులోకి పాకుతుంది. దూదిలా మెత్తగా ఉన్న ఏకు కొన బిరుసెక్కి ముడుచుకుపోతుంది. ఏకు మేకవడం అన్న మాట ఎక్కడ పుట్టిందో అప్పుడు వేళ్లకు తెలుస్తుంది. దాన్ని సాగదీద్దామని చూడకండి, సాగదు. గట్టిపడిన రెండు సెంటీమీటర్లు తుంచి పారేసి, పోగు కొసను మూడు సెంటీమీటర్ల మేర పురి విప్పి మెత్తన చేసి, కొత్త ఏకు కొనను విసనకర్రలా విప్పి దాని మీద వేసి, పిడి అర చుట్టు తిప్పితే అతుకు పడిపోతుంది. అతుకు లావుగా వచ్చిందంటే పోగు కొసను సరిగా విప్పలేదన్నమాట.

మగ్గంతో ఈ సుఖం లేదు. పడుగు బిగించి ఉంచి నాలుగు రోజులు వదిలేస్తే, మళ్లీ మొదలుపెట్టిన చోట గుడ్డకు అడ్డంగా ఒక గీత పడుతుంది. లేచే ముందు బిగింపు చక్రం మీద ఒక పన్ను వెనక్కి తిప్పి పడుగును వదులు చేసి, వచ్చాక బిగించి, పాత పేక రెండు మూడు వరసలు విప్పి మళ్లీ వేసుకుంటే ఆ గీత చాలావరకు పోతుంది. అంత తతంగం ఉంది కాబట్టి ముప్పావు గంట ఖాళీ దొరకనిదే మగ్గం ముందు కూర్చోవడం దండగ. అల్లిక మధ్యరకం. సాదా వరసలైతే ఏ కుట్టు దగ్గరైనా ఆపొచ్చు, సూది కొసలకు రబ్బరు మూతలు పెడితే కుట్లు జారవు. పూల అల్లికైతే వరస ముగియకుండా లేస్తే లెక్క తప్పుతుంది. అందుకే పది నిమిషాల ఖాళీ రాట్నానికి, ఎవరితోనైనా మాట్లాడుతూ కూర్చునే సమయం అల్లికకు, ఇల్లు సద్దుమణిగాక దొరికే గంట మగ్గానికి.

ఈ రాట్నం పుట్టిందే ఇరుకు చోటు కోసం. 1930ల మొదట్లో ఎరవాడ జైలులో ఉన్నప్పుడు గాంధీ దీన్ని మెరుగుపరిచే పని మీద కూర్చున్నారు. ఎరవాడ చక్రం అన్న పేరు అలా వచ్చింది. ఒక్క పెద్ద చక్రం చేసే పనిని రెండు చిన్న చక్రాలకు పంచి, పెట్టెలో పడుకోబెట్టడమే అందులోని కిటుకు. గది మూలలో నిలబడే రాట్నానికి చోటు లేని ఇళ్లకు ఇది నిజంగా వరం.

ఇక ఇది చెడిన తీరు. దీని గురించి ముందే చెప్పేవాళ్లుంటే ఒక కదురు దక్కేది.

పని ఆపగానే కదురు తీసి పెట్టె పక్క గాడిలో పెట్టి, చెవుల చట్రం (కదురు తిరిగే రంధ్రాలున్న చట్రం) మడిచి మూత వేయడం దీని పద్ధతి. ఇరవై సెకన్ల పని. అయితే ఆ గాడి ఖాళీ కదురును దృష్టిలో పెట్టుకుని చేసింది. కండె సన్నగా ఉన్నంతవరకు ఇబ్బంది లేదు. ఒకటిన్నర సెంటీమీటర్లు దాటి లావెక్కితే కదురు గాడి అడుగుకు ఆనదు, పైకి తేలుతుంది. మూత మూసేటప్పుడు కొద్దిగా ఒత్తాల్సి వస్తుంది. ఆ ఒత్తిడి మెత్తటి కండె మీద పడుతుంది కాబట్టి చేతికి ఏమీ తెలియదు. లోపల మాత్రం కండె ముగిసి ఖాళీ ఇనుము మొదలయ్యే చోట మూడు మిల్లీమీటర్ల కదురు వెంట్రుకవాసి వంగుతుంది. ఒక్కసారికి కాదు, వారాల తరబడి.

వంగిన సంగతి కంటికి కనబడదు. ముందు పోగులు తెగడం మొదలవుతుంది. అదీ సన్నగా వచ్చిన చోటల్లా. దాంతో అనుమానం మొదట ఏకుల మీదికి పోతుంది, తర్వాత వాతావరణం మీదికి. పొడి రోజుల్లో పత్తి నిజంగానే ఎక్కువ తెగుతుంది, ఫ్యాను గాలికి కదురు కొసన దారం చెదురుతుంది, కాబట్టి ఆ అనుమానం సబబుగానే కనిపిస్తుంది. తాడు మార్చి చూస్తాం, చెవులకు నూనె వేసి చూస్తాం. ఏదీ పనిచేయదు. చెవి దగ్గరగా పెట్టి నెమ్మదిగా తిప్పితే అప్పుడు వినిపిస్తుంది, సన్నగా, క్రమం తప్పకుండా, టిక్ టిక్‌మని.

కారణం సులువే. పోగు కదురు కొసన ప్రతి చుట్టుకూ ఒకసారి జారి పడుతుంది, పురి ఎక్కేది అలాగే. కొస నిటారుగా ఉంటే ఆ జారుడు మెత్తగా ఉంటుంది. అర మిల్లీమీటరు పక్కకు ఊగినా ప్రతి చుట్టులో పోగు ఒకసారి బిగుస్తుంది, ఒకసారి వదులవుతుంది. పిడి సెకనుకు ఒక చుట్టు తిరుగుతుంటే అది సెకనుకు వందకు దగ్గరగా కుదుపులు. సన్నటి చోటు తట్టుకోలేదు. పైగా ఆ అదురుకు చెవుల రంధ్రాలు గుండ్రం పోయి కోలగా అరుగుతాయి, అప్పుడు కదురు సరిచేసినా చప్పుడు పోదు.

కాబట్టి వెతికే వరస ఇది. అదే ఏకును తకిలి (చేత్తో తిప్పే విడి కదురు) మీద వడికి చూడండి. అక్కడ తెగకపోతే ఏకు తప్పు కాదు. తర్వాత పెట్టెలోని రెండో కదురు వేయండి. టిక్ పోతే మొదటి కదురు వంగింది, పోకపోతే చెవులు అరిగాయి. మూడోది తాడు అతుకు. ముడి వేసిన తాడైతే ముడి కదురు బిళ్ల మీదుగా పోయిన ప్రతిసారీ ఒక కుదుపు ఉంటుంది, కానీ అది పిడి చుట్టుకు కొన్నిసార్లే వస్తుంది, ఎడంగా. కదురు టిక్ విడదీసి లెక్కపెట్టలేనంత వేగం. ఈ తేడా పట్టుకుంటే సగం వెతుకులాట తప్పుతుంది. తాడుకు ముడి వేయకుండా, రెండు కొసలను మూడు సెంటీమీటర్ల మేర పలచన చేసి ఒకదాని మీద ఒకటి వేసి సూదితో కుట్టి, తేనెమైనం రాస్తే ఆ కుదుపూ ఉండదు.

వంగిన కదురును సరిచేయడానికి కండె పూర్తిగా తీసేసి, అద్దం మీద పెట్టి అరచేత్తో దొర్లించాలి. వంపు ఉన్న చోట కదురుకు, అద్దానికి మధ్య వెలుతురు కనబడి మాయమవుతుంది. పైకి ఉబ్బిన వైపు పెన్నుతో చుక్క పెట్టి, గట్టి చెక్క మీద చుక్క పైకి వచ్చేలా ఉంచి, చెక్క సుత్తితో చిన్నగా తట్టాలి. రెండు దెబ్బలు, మళ్లీ అద్దం. పది పన్నెండు సార్లు ఇలా తిరగాల్సి రావచ్చు. పటకారుతో వంచితే పళ్ల గాట్లు పడి పోగు అక్కడ పట్టుకుంటుంది. కాల్చి వంచితే ఉక్కు పదును పోయి మళ్లీ మళ్లీ వంగుతుంది. చివర కొసను 600, ఆ తర్వాత 1000 నంబరు ఎమరీ కాగితంతో పొడవునా రుద్ది, దూది ముక్కను కొస మీదుగా లాగి చూడాలి. ఒక్క పీచైనా చిక్కుకుంటే ఇంకా గరుకుందన్నమాట.

ఇంత జరిగాక మొదట చెప్పిన మంచి మాటకు ఒక షరతు చేర్చాలి. ఎక్కడైనా ఆపొచ్చు, నిజమే. మూత వేయడం మాత్రం కండె ఒకటిన్నర సెంటీమీటర్లలోపు ఉన్నప్పుడే. 20 నంబరు నూలులో అది సుమారు 70, 80 మీటర్లు, అంటే 120, 130 లాగుళ్లు. ఆ గీత దాటక ముందే కండెను విప్పి చిలపగా (దారపు కట్టగా) చుట్టేయాలి. కదురును అడ్డంగా పట్టి, దారాన్ని కొస మీదుగా లాగుతూ చుడితే చిక్కు పడదు. ఇరవై సెకన్ల పని అనుకున్నది అలా ప్రతి అరగంట వడుకుకూ పది నిమిషాలు అడుగుతుంది.

ఇంకో షరతు అల్లేవాళ్లకు. వడికి, నేసి, అల్లడానికి మూడింటికీ ఈ రాట్నమే చాలనుకుంటే నిరాశ తప్పదు. వంద మీటర్ల చిలప 3 గ్రాములు తూగితే అది దాదాపు 20 నంబరు. 3 మిల్లీమీటర్ల సూదులకు గ్రాముకు నాలుగు మీటర్ల దారం కావాలి, అంటే ఎనిమిది పోగులు కలిపి పేనాలి. వంద గ్రాముల అల్లిక దారానికి 3,400 మీటర్లు వడకాలి. గంటకు 200 మీటర్లు వచ్చే చేతికి పదిహేడు గంటలు, పేనడం కాకుండానే. పోనీ లావుగా వడుకుదామంటే కదురు వేగం ఒప్పుకోదు, పోగు చేయి సాగేలోపే పురి ఎక్కువై మెలికలు పడుతుంది. ఉన్నికైతే ఇది అంతగా పొసగదు. ఒంటి పోగుతో అల్లితే గుడ్డ ఒక పక్కకు వాలుతుంది కాబట్టి పేనడం తప్పించుకునే దారీ లేదు.

మగ్గానికి మాత్రం ఇది ఇచ్చే నూలు చక్కగా కుదురుతుంది. 40 సెంటీమీటర్ల వెడల్పు, 180 సెంటీమీటర్ల పొడవు కండువాకు సెంటీమీటరుకు 10 పేకలు వేస్తే 750 మీటర్ల పై చిలుకు చాలు, నాలుగు గంటల వడుకు. మొదట్లో పడుగుకు మిల్లు నూలు వేసి, చేతి నూలును పేకగా వాడటం మేలు. చేతి నూలునే పడుగుగా వేయాలంటే పురి పూర్తిగా ఎక్కించి, గంజి పట్టించి ఆరనివ్వాలి. గంజి లేని పడుగు అచ్చు (పోగులను వరసగా నిలిపే పళ్ల చట్రం) రాపిడికి నూగు లేచి తెగుతుంది. ఏ పనికైనా ముందు చిలపను నాలుగు చోట్ల వదులుగా కట్టి, కాస్త సబ్బు వేసిన నీళ్లలో అరగంట ఉడికించాలి. పత్తి మీది మైనం కరిగి నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి, పురి నిలుస్తుంది. ఉడికించని పోగు ప్రతి ముడిచోటా మెలి తిరుగుతూనే ఉంటుంది.

కింద కూర్చోగలిగి, ఖాళీ పది నిమిషాల చొప్పున ముక్కలుగానే దొరికి, ఇంట్లో చిన్న మగ్గం ఉన్నవాళ్లకు పెట్టె రాట్నం తీసుకోమనే చెబుతాను. మోకాళ్ల నొప్పులుంటే ముందు ఎవరి దగ్గరైనా గంటసేపు కూర్చుని వడికి చూడండి. బల్ల మీద పెడితే ఎడమ చేయి భుజం దాటి లేవాల్సి వచ్చి మెడ పట్టేస్తుంది. పాకే పిల్లలున్న ఇంట్లో కదురు కొసకు బిరడా గుచ్చకుండా పక్కన పెట్టకండి, అది సూదే. అల్లికే మీ మొదటి ఇష్టమైతే దీనికన్నా బరువైన తకిలి ఒకటి ఎక్కువ పనికొస్తుంది.

కొనేటప్పుడు పెట్టె మెరుపు కాదు, కదుళ్లు చూడండి. ఒక్కొక్కటీ తీసి అద్దం మీద దొర్లించండి, మూడైనా నిటారుగా ఉన్నవి అడగండి. చెక్క సుత్తితో సరిచేసిన నా కదురు ఇప్పటికీ గట్టిగా తిప్పితే సన్నగా టిక్‌మంటుంది. దాన్ని వడుకుకు వాడటం లేదు, నెమ్మదిగా తిప్పే పేనుడుకు ఉంచాను.