కార్పుస్ తొమిస్తికుమ్: వెతికే మాట తెలిస్తే నిధి

13వ శతాబ్దపు క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాస్ లాటిన్ రచనలు పైసా ఖర్చు లేకుండా చదవాలంటే స్పెయిన్‌లోని నవార్రా విశ్వవిద్యాలయంలో తయారైన ఈ సైటుకు వెళ్లవచ్చు. ఆ రచనల్లో ఏ మాట ఎక్కడుందో చూపే రొబెర్తో బుసా పదసూచి కూడా ఇందులో ఉంది. అచ్చులో అది 56 సంపుటాలు! అయితే తల్లిదండ్రుల నుంచి బిడ్డకు ఏమేం సంక్రమిస్తుందని 13వ శతాబ్దం అనుకుందో తెలుసుకోవాలనుకునేవాళ్లు మొదట్లోనే దారి తప్పుతారు.

'హెరెదితాస్' (వారసత్వం) అని కొడితే వచ్చేవి ఆస్తి వాటా, పరలోక రాజ్యపు వాటా. బిడ్డ పుట్టుక సంగతికి 'త్రదుక్తియో' (సంక్రమణ), 'ఒరిగో' (పుట్టుక), 'సెమెన్' (వీర్యం) అనే మాటలు పట్టుకోవాలి. పైగా లాటిన్‌లో మాట రూపం మారుతూనే ఉంటుంది. అక్వినాస్ ప్రధాన గ్రంథం 'సుమ్మా థియోలోగియే' మొదటి భాగం 118వ ప్రశ్నలో, బుద్ధి గల ఆత్మ వీర్యంతో సంక్రమిస్తుందనడం మతవిరుద్ధమని ఖండించే వాక్యంలో ఉన్నది 'త్రదుకాతుర్' అనే క్రియ. నామవాచకం ఒక్కటే వెతికితే ఆ వాక్యం దొరకదు. అందుకే మాటలోని అన్ని రూపాలూ వెతకాలి, లేదా నేరుగా 118, 119 ప్రశ్నలు తెరవాలి.

అక్కడితో ఆగకండి. అసలు సరుకు రెండో భాగపు మొదటి సగంలో, 81వ ప్రశ్నలో ఉంది. ఆది పాపం (ఆదాము చేసిన తొలి పాపం) ఎలా సంక్రమిస్తుందో వివరిస్తూ కుష్ఠురోగికి కుష్ఠురోగి, గౌట్ (ఒక కీళ్ల రోగం) ఉన్నవాడికి గౌట్ ఉన్నవాడు పుట్టడమనే ఇతరుల ఉదాహరణను అక్వినాస్ ప్రస్తావిస్తాడు. కారణం వీర్యంలోని చెడుపని వాళ్ల వాదన. ఆ చెడుపునే రోగం అనరని కూడా అందులో ఉంది. ఒంటి చురుకుదనం, తెలివి కొడుకుకు రావచ్చు, తండ్రి నేర్చిన వ్యాకరణం మాత్రం రాదని అక్వినాస్ అంటాడు. ఈ గీత అంత స్పష్టంగా గీయడం ఎంత గొప్ప విషయం! అదే ప్రశ్న అయిదో విభాగంలో, ఆదాము చేయకుండా హవ్వ ఒక్కతే పాపం చేసి ఉంటే అది పిల్లలకు అంటేది కాదంటాడు. పుట్టుకలో తండ్రిది క్రియాశక్తి, తల్లిది పదార్థం అన్న అరిస్టాటిల్ మాటే దీనికి ఆధారం.

లోపాలున్నాయి. అనువాదం లేదు. పాఠభేదాలకు లియోనైన్ సంపుటాలు (అక్వినాస్ రచనల పరిష్కృత ముద్రణ) తిరగేయాల్సిందే. అక్వినాస్‌వి కావని తేలినా ఆయన పేరు మీద చలామణి అయిన రచనలు వేరే విభాగంలో ఉన్నాయి. ఏ వాక్యం ఎత్తి రాసినా ముందు శీర్షిక చూసుకోవాలి. అక్వినాస్ గురువు ఆల్బెర్టుస్ మాగ్నుస్ జంతువుల మీద రాసిన 26 పుస్తకాలు ఇక్కడ లేవు. పిండోత్పత్తి గురించి లోతుగా వెళ్లేవాళ్లకు అవి తప్పనిసరి.