నాలుగేళ్ల పాట క్లాసులో నాకు కలిసొచ్చిన నోటుపుస్తకం

విజయవాడ సత్యనారాయణపురంలో మా మాస్టారి దగ్గర కర్ణాటక సంగీతం, గాత్రం మొదలుపెట్టి నాలుగేళ్లు దాటింది. సరళీస్వరాలు, జంటస్వరాలు లాంటి తొలి పాఠాలు అందరికీ తెలిసినవే. నేను చెప్పాలనుకున్నది నోటుపుస్తకం గురించి. గంట క్లాసులో చివరి 20 నిమిషాలు ఆయన పాట ఆపించి సంగీతశాస్త్రం రాయిస్తారు. మొదట్లో నాకు ఒళ్లు మండేది. ఫీజు కట్టింది పాడటానికి కదా!

తొలి పాఠాలు నేర్పే మాయామాళవగౌళ రాగంలో పై షడ్జానికి (పై 'స'కి) ఎక్కేటప్పుడు నా ధైవతం ('ద') ఎప్పుడూ శ్రుతి మించేది, అంటే ఉండాల్సిన చోటుకన్నా పైకి పోయేది. గొంతు బిగుసుకునేది. అకార సాధన ('ఆ' అంటూ పాడటం), ఊపిరి నిలపడం అన్నీ చేయించారు. ఏడు నెలలు అదే తంతు. ఒకరోజు పాడొద్దని, పుస్తకంలో స్వరస్థానానికి ఒకటి చొప్పున, పై షడ్జంతో కలిపి వరసగా 13 గళ్లు గీశారు. షడ్జం పక్కనే శుద్ధ రిషభం ('రి'), రెండు గళ్లు ఖాళీ, అంతర గాంధారం ('గ'), ఆ పక్కనే శుద్ధ మధ్యమం ('మ'). ఒక గడి వదిలి పంచమం ('ప'). పంచమం నుంచీ అచ్చం అలాగే: పక్కనే శుద్ధ ధైవతం, రెండు గళ్లు ఖాళీ, కాకలి నిషాదం ('ని'), ఆ పక్కనే పై షడ్జం.

"కింద వేసిన అడుగులే పైనా వెయ్యాలమ్మా, అంతే" అన్నారు.

రిషభాన్ని షడ్జానికి ఎంత ఆనించి పాడతానో ధైవతాన్నీ పంచమానికి అంతే ఆనించాలి. నేనేమో నిషాదం దూరమని భయపడి, ధైవతాన్నే ముందుగా పైకి లాగేస్తున్నాను. ఆ సాయంత్రం స్వరం నిలిచింది, దవడ వదులైంది. బీఆర్టీఎస్ రోడ్డు పొడవునా స్కూటీ మీద అదే పాడుకుంటూ ఇంటికొచ్చాను.

ఆ సంబరంలో శాస్త్రం తెలిస్తే గొంతు దానంతటదే దారికొస్తుందని ఆఫీసులో అందరికీ చెప్పాను. అది సగమే నిజం. సర్టిఫికెట్ పరీక్ష ఏడాది 20 నిమిషాలు కాస్తా 40 అయ్యాయి. రాగం పేరులోని మొదటి అక్షరాలను బట్టి దాని వరస సంఖ్య చెప్పే కటపయాది లెక్కలో 'మాయా' అంటే 15, 'ధీర' అంటే 29 అని నిద్రలో లేపినా చెప్పేదాన్ని. కానీ సాధన తగ్గి, గొంతు బొంగురుపోయింది. దానికి ఏ గళ్లూ పనిచేయలేదు. పాటకు ఆధారమైన శ్రుతిని ఐదున్నర నుంచి ఐదుకు దించుకుని, రెండు నెలలు పొద్దున్నే మంద్రస్థాయిలో (కింది స్వరాల్లో) పాడితే గానీ కుదుటపడలేదు.

నాకు 42 ఏళ్లు. ఎందుకో తెలియకపోతే ఏదీ బుర్రకెక్కని మనిషిని, కాబట్టి నాకు ఈ పద్ధతి సరిపోయింది. ఎనిమిదేళ్ల మా అమ్మాయి విన్నది విన్నట్టు పాడేస్తుంది, గళ్లు చూస్తే ఆవలిస్తుంది. దానికి ఇంకో రెండేళ్లు రాత వద్దని మాస్టారిని అడిగాను, సరేనన్నారు. నాకు మాత్రం రెండో పుస్తకం నడుస్తోంది.