డ్యుబియా బొద్దింకలు: గుడ్లు కడుపులో మోసే తల్లులు

మా బేర్డెడ్ డ్రాగన్ (పెంపుడు బల్లి) తిండి కోసం టెక్సస్‌లోని ఇంట్లో చాలా ఏళ్లుగా డ్యుబియా బొద్దింకలు పెంచుతున్నాం. ప్రొటీన్ ఎంత, డబ్బా ఎంత పెద్దది కావాలి అన్నవి అందరూ రాసేశారు. నాకు ఇవంటే ఇంత ఇష్టం ఎందుకో చెబుతాను. ఈ తల్లులు గుడ్లు పెట్టి వదిలేయవు, కడుపులోనే మోసి పిల్లల్ని కంటాయి.

ఇంతకు ముందు బల్లి తిండికి క్రికెట్లు, అంటే కీచురాళ్లు, ఉండేవి. వాటికి తడిమట్టి గిన్నె పెట్టాలి, అది ఆరకూడదు, బూజు పట్టకూడదు, గుడ్లు పెట్టాక తీసి వేరేచోట వెచ్చగా ఉంచాలి. తల్లికి ఆ గుడ్లు పట్టవు, దొరికితే తనే తింటుంది. డ్యుబియాల్లో ఆ చాకిరీ అంతా తల్లిదే. గుడ్ల తిత్తి ముందు చిక్కుడుకాయలా బయటికి వస్తుంది. తల్లి దాన్ని పక్కకు తిప్పి, నెమ్మదిగా మళ్లీ లోపలికి లాక్కుంటుంది. అందుకోసమే కడుపులో ఒక సంచి ఉంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఆశ్చర్యమే. వేడిని బట్టి నెల నుంచి రెండు నెలలు మోసి, 20-30 పిల్లల్ని కంటుంది. పుట్టగానే తెల్లగా, మెత్తగా ఉంటాయి. తిండి, నీళ్లు సరిగా ఉంటే పెద్దవేవీ వాటి జోలికి పోవు.

2021 ఫిబ్రవరి చలిలో కరెంటు పోయింది. బల్లిని ఒంటికి ఆనించుకుని పడుకున్నాం, బొద్దింకల డబ్బాకు ఉన్న దుప్పట్లన్నీ చుట్టాం. పెద్దవి చలికి కొయ్యబారిపోయినా చాలావరకు బతికాయి. కరెంటు వచ్చాక, అవి దాక్కోవడానికి డబ్బాలో పెట్టిన కోడిగుడ్ల అట్టలు ఎత్తి చూస్తే అడుగున లేతరంగు తిత్తులు, ఎండి ముడుచుకుపోయి ఉన్నాయి. తల్లులు మోస్తున్నవన్నీ వదిలేశాయి. చలి, నీళ్ల కరువు, మాటిమాటికీ కదిలించడం, ఏ ఒత్తిడికైనా ఇలా జరుగుతుంది. ఆ రోజు నిజంగా ఏడుపొచ్చింది. కొత్త పిల్లలు కనబడేసరికి వేసవి వచ్చేసింది, అప్పటిదాకా కొన్న పురుగులతోనే నెట్టుకొచ్చాం. కన్నది మాత్రం ఆ పాత తల్లులే.

అదే క్రికెట్ల గుడ్లయితే చిన్న గిన్నెను కోటు లోపల పెట్టుకుని కాపాడేవాళ్లం. తల్లి కడుపులో ఉన్నవాటికి ఆ వీలు లేదు. కరెంటు తరచూ పోయే చోట ఉంటే ఇది ఆలోచించాలి.

ఇంకో మాట. మడగాస్కర్ హిస్సింగ్ బొద్దింక తల్లి పిల్లలు పుట్టాక ఒంట్లోంచి ఒక ద్రవం వదులుతుంది, పిల్లలు దాన్ని ఆత్రంగా తాగుతాయి. డ్యుబియాల్లో అలాంటిది నా కంట పడలేదు. పిల్లలు పెద్దవాటి కింద దూరితే, తల్లి కోసమా, నీడ కోసమా అన్నది నేను చెప్పలేను.

మాకు ఒక్కటే బల్లి కాబట్టి ఈ కాలనీ సరిపోతోంది. రెక్కలున్న మగవాటిని ఎక్కువగా తినిపించి, ఆడవాటిని ఉంచుకుంటాం. నాలుగైదు బల్లులుంటే పిల్లల రాక అందకపోవచ్చు. ఇంట్లో ఎవరికైనా ఆస్తమా ఉంటే ముందు డాక్టర్ని అడగండి, డబ్బా శుభ్రం చేసేటప్పుడు లేచే దుమ్ము వాళ్ల ఒంటికి పడకపోవచ్చు. ఫ్లోరిడాలో ఉన్నవాళ్లకు డ్యుబియాలు పెంచే అనుమతి లేదు, అక్కడివాళ్లు డిస్కాయిడ్ బొద్దింకలు పెంచుతారు. అవి కూడా గుడ్లు కడుపులోనే మోస్తాయి.